పక్కన పెద్ద నర్సు ఉన్నచోట

నర్సింగు పూర్తిచేసి సర్టిఫికెట్టు చేతికొచ్చిన పిల్లలకూ, వాళ్ల కన్నవాళ్లకూ రాస్తున్నాను. ఖరగ్‌పూర్‌లో మథురాకాటి, నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్... మన తెలుగువాళ్లున్న ఏ వీధికి వెళ్లినా ఇవాళ నర్సింగు చదివిన ఆడపిల్ల ఉంటుంది, అక్కడక్కడా మగపిల్లలూ ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల నుంచి వర్క్‌షాపు పనికని వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ల మనవలూ మునిమనవలూ వీళ్లు. తాతది రైల్వే, తండ్రిది రైల్వే. ఈ తరానికి ఇంకో గేటు తెరుచుకుంది. అది విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్. ఎక్స్‌కవేటర్లు తయారుచేసే టాటా హిటాచీ లాంటి పెద్ద కర్మాగారాలు వచ్చాక అక్కడ నర్సులకూ ఉద్యోగాలు పడుతున్నాయి.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆస్పత్రి వార్డుల్లో గడిచింది. రిటైరయ్యాక కొంతకాలం పార్కులో ఒక ఫ్యాక్టరీ వైద్యగదిలో పనిచేశాను. ఈ రెండూ చూశాను కాబట్టి పిల్లలు నా దగ్గరికొచ్చి, "అమ్మా, పార్కులో చేరమంటారా, హాస్పిటల్లో చేరమంటారా, ఇంకా చదవమంటారా, బయటి దేశం వెళ్లమంటారా?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరస పెట్టాను.

1. మొదటి ఉద్యోగంలో రాత్రిపూట పక్కన ఎవరుంటారో ముందు అడగండి.

పార్కు ఉద్యోగం ఇంట్లోవాళ్లకు ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. జనరల్ షిఫ్టు దొరికే వీలుంది. కంపెనీ బస్సు, క్యాంటీన్ భోజనం, ఆదివారం సెలవు. సంబంధాలు చూసేవాళ్లు "అమ్మాయికి నైట్ డ్యూటీలు ఉంటాయా?" అని అడిగితే "లేవండీ" అని చెప్పుకోవచ్చు. తల్లి మనసుకు ఇది చిన్న విషయం కాదు, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఆ గదిలో ఏముంటుందో చూడండి. 500 మందికి మించి పనిచేసేచోట అంబులెన్స్ రూమ్ ఉండి తీరాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2020లో చేసిన కొత్త కార్మిక కోడ్‌లోనూ అదే 500 అంకె ఉంది. చాలా చోట్ల ఆ గదిలో డాక్టరుగారు కొన్ని గంటలే ఉంటారు. మిగతా వేళల్లో ఒక నర్సు, ఒక డ్రెస్సర్, బయట అంబులెన్స్ డ్రైవరు. ఏదైనా జరిగితే సూపర్‌వైజరూ, సెక్యూరిటీవాళ్లూ, పక్క మెషీన్ మీది కార్మికులూ అందరూ నర్సు మొహంలోకే చూస్తారు. ఆ అమ్మాయి చూడ్డానికి ఇంకో మొహం ఉండదు.

మే నెల ఎండలో ఒకసారి ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఒకాయన నడుచుకుంటూ వచ్చాడు. గ్యాస్ పట్టేసింది, మాత్ర ఇవ్వమన్నాడు. బెంగాల్లో సగం జబ్బులు గ్యాస్ పేరుతోనే తలుపు తడతాయి. అప్పుడు డ్యూటీలో ఉన్న నర్సు అంతకుముందు క్యాజువాలిటీలో ఏళ్లు పనిచేసిన మనిషి. ఎండలో వచ్చినవాడికి చెమట పట్టడం మామూలే, కానీ ఫ్యాను కింద పదినిమిషాలు కూర్చున్నా ఆ చెమట ఆగకపోవడం, పైగా చల్లగా ఉండటం ఆమె గమనించింది. ఈసీజీ తీసి, డాక్టరుగారికి ఫోనులోనే చదివి వినిపించి, మాత్ర సంగతి పక్కనపెట్టి ఆయన చెప్పిన మందులిచ్చి అంబులెన్స్ ఎక్కించింది. ఆయన బతికాడు. ఆ పూట ఆ కుర్చీలో పాసై మూడు నెలలైన పిల్ల ఉంటే? ఆ పిల్ల తెలివితక్కువదేమీ కాదు. పుస్తకంలో ఆ లక్షణాలన్నీ చదివే ఉంటుంది. చదివినదాన్ని మనిషి ఒంటి మీద గుర్తుపట్టడం మాత్రం వార్డులో పదిమందిని చూస్తే వస్తుంది, పక్కనే నిలబడి "ఇదిగో, ఇది చూడు" అని చూపించే పెద్ద సిస్టర్ ఉంటే ఇంకా తొందరగా వస్తుంది.

అందుకే నా మాట ఇది. పార్కు ఉద్యోగం మంచిదే, అది మీ మొదటి ఉద్యోగం కాకూడదు.

2. రెండేళ్లు, 50 పడకలు: ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి.

ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు జరిపే నార్‌సెట్ పరీక్షకు బీఎస్సీ నర్సింగు పాసైనవాళ్లు నేరుగా కూర్చోవచ్చు. జీఎన్ఎం చేసినవాళ్లకు మాత్రం కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఫ్యాక్టరీ గదిలో చేసిన ఏళ్లు ఈ లెక్కలోకి రావు. వీధి చివరి పది పడకల నర్సింగ్ హోమ్‌లో చేసినవీ రావు. ఇగ్నోలో దూరవిద్య ద్వారా పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలన్నా జీఎన్ఎం వాళ్లకు రెండేళ్ల అనుభవం అడుగుతారు. గల్ఫ్ ఆస్పత్రుల ప్రకటనల్లోనూ ఎక్కువగా కనిపించేది అదే రెండేళ్లు.

ఇవేవీ తెలియక పార్కులో నాలుగేళ్లు చేసి, నార్‌సెట్ దరఖాస్తు నింపేటప్పుడు ఆ గడి దగ్గర ఆగిపోయిన పిల్లలున్నారు. వయసు 30 దాటితే జనరల్ వాళ్లకు ఆ తలుపు మూసుకుంటుంది. ముందు వార్డు చేసి తర్వాత పార్కుకు వెళ్లినవాళ్లకు అనుభవం లేదని ఏ తలుపూ మూసుకోలేదు. వరస మారిస్తే ఎంత పోతుందో చూడండి.

మగపిల్లలకు ఇంకో మాట. నార్‌సెట్‌లో పోస్టులు ఆడవాళ్లకు 80 శాతం, మగవాళ్లకు 20 శాతం. పోటీ మీకు ఎక్కువ. అదొక్కటే నమ్ముకోకుండా రైల్వే, ఐసీయూ, డయాలిసిస్, ఫ్యాక్టరీ వైద్యగదులు అన్నీ లెక్కలో పెట్టుకోండి. ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులకు మగ నర్సులనే అడిగే కంపెనీలు చాలా ఉన్నాయి.

3. ఆస్పత్రుల్లోనూ తేడా ఉంది.

పేరున్న పెద్ద ఆస్పత్రి అంటే నేర్పే ఆస్పత్రి అని అనుకోవద్దు. ఇంటర్వ్యూ అయ్యాక వీలైతే వార్డు చూపించమని అడగండి. డ్యూటీ మారేటప్పుడు పడక దగ్గర నిలబడి రోగి రోగికీ హ్యాండోవర్ ఇస్తున్నారా, డెస్కు దగ్గరే మూడు ముక్కల్లో ముగించేస్తున్నారా? రాత్రిపూట ఫ్లోరు మొత్తానికి అనుభవం ఉన్న ఇన్‌చార్జి ఉంటుందా? బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. అంత సుఖం చాలా చోట్ల దొరకదని నాకూ తెలుసు. అయినా ఇరవైమందికి ఒక్క కొత్త పిల్లను వదిలేసేచోట చేరితే, పని తప్పించుకోవడం తప్ప ఏదీ రాదు. మందు ఇవ్వకుండా ఇచ్చినట్టు కేస్ షీటులో టిక్కు పెట్టడం అక్కడే మొదలవుతుంది. అది ఒకసారి చేతికి అలవాటైతే వదిలించుకోవడం చాలా కష్టం.

మొదటి ఏడాది మెడికల్ వార్డు, రెండో ఏడాది క్యాజువాలిటీ లేదా ఐసీయూ దొరికితే అంతకన్నా మంచి పునాది లేదు. మిడ్నాపూర్ వెళ్లినా, కోల్‌కతా వెళ్లినా, కోరమండల్ ఎక్కి విశాఖలోనో విజయవాడలోనో పిన్ని ఇంట్లో ఉండి చేసినా సరే.

జీతం సంగతి కూడా చెప్తాను. ప్రైవేటు నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వేసిన కమిటీ 2016లో సిఫారసులిచ్చింది. 50 పడకలకన్నా తక్కువున్నచోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని అందులో ఉంది. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు, చాలా చోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. అయినా ఆ అంకె తెలిసిన పిల్ల జీతం మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. తెలుసుకుని వెళ్లండి.

4. అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి.

మన పిల్లల్లో చాలామంది బెంగళూరులోనో, విశాఖలోనో చదివి అక్కడి కౌన్సిల్లో రిజిస్టరవుతారు. ఆ రిజిస్ట్రేషన్ పెట్టుకుని బెంగాల్లో పనిచెయ్యడానికి వీల్లేదు. అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని వెస్ట్ బెంగాల్ నర్సింగ్ కౌన్సిల్లో నమోదు చేయించుకోవాలి. నెలలు పడుతుంది, కాబట్టి ఫలితాలొచ్చిన వారంలోనే మొదలుపెట్టండి. దేశమంతటికీ పనికొచ్చే ఎన్‌యూఐడీ నంబరు ఇచ్చే ఎన్‌ఆర్‌టీఎస్ నమోదు కూడా అప్పుడే చేయించుకోండి.

చేరేటప్పుడు ఒరిజినల్స్ అడిగి లాకర్లో పెట్టుకునే యాజమాన్యాలున్నాయి. చూపించండి, జిరాక్సులివ్వండి, అంతే. మానేసేటప్పుడు అనుభవ పత్రం మీద పడకల సంఖ్య, మీరు పనిచేసిన వార్డు, తేదీలు రాయించుకోండి. రెండో మాటలో చెప్పిన 50 అంకె ఆ కాగితం మీద లేకపోతే మళ్లీ తిరగాల్సింది మీరే.

5. రైల్వే పరీక్ష రాయండి, దానికోసం ఇంట్లో కూర్చోకండి.

ఖరగ్‌పూర్‌లో పుట్టినవాళ్లకు రైల్వే ఆశ రక్తంలోనే ఉంటుంది. రైల్వే మెయిన్ హాస్పిటల్లో తెల్ల యూనిఫాంలో తిరగాలని మా తరంలో ఎంతమంది కలలుగన్నారో చెప్పలేను. ఆ కల ఇప్పటికీ మంచిదే. నర్సింగ్ సూపరింటెండెంట్ మూలవేతనం 44,900 రూపాయలు, జీఎన్ఎం వాళ్లకూ బీఎస్సీ వాళ్లకూ అర్హత ఉంది, అనుభవం అడగరు, వయోపరిమితి కూడా నార్‌సెట్ కన్నా చాలా ఉదారంగా ఉంటుంది.

కానీ నోటిఫికేషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూడండి. 2019లో దేశమంతటికీ 1,109 స్టాఫ్ నర్సు పోస్టులు పడ్డాయి. ఆ తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ అన్న పేరుతో 2024లో 713, 2025లో 272. మొదటి రెండింటి మధ్య అయిదేళ్లున్నాయి. ఆ అయిదేళ్లూ కోచింగ్ పుస్తకాలు ముందేసుకుని ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలను నేనెరుగుదును. తండ్రి ప్రేమకొద్దీ "నువ్వు చదువుకో తల్లీ, సంపాదన సంగతి నేను చూసుకుంటాను" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. సెలైన్ ఎక్కించడం మరిచిపోయిన చేతులకు పరీక్ష పాసైనా మొదటి ఆరునెలలూ నరకమే. డ్యూటీ చేస్తూ చదివినవాళ్లకు ప్రశ్నపత్రం కూడా సులువుగా ఉంటుంది, ఎందుకంటే అందులో సగం వాళ్లు నిన్న వార్డులో చేసిన పనే.

6. బంగ్లా చదవడం, రాయడం నేర్చుకోండి.

మాట్లాడటం మన పిల్లలందరికీ వచ్చు. రాయడం దగ్గరే వెనకబడతారు. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చినప్పుడు మన ఊళ్లో పండగ చేసుకున్నాం. ఎన్నో ఏళ్ల కోరిక అది. ఆ హోదా మన గౌరవానికి సంబంధించింది. రాష్ట్ర ప్రభుత్వ నర్సు ఉద్యోగానికి, రోగి పడక దగ్గరకి మాత్రం బంగ్లా కావాలి. కేశ్‌పూర్ నుంచి వచ్చిన ముసలామెకు మందులెలా వేసుకోవాలో కాగితం మీద రాసివ్వాల్సింది బంగ్లాలోనే. నాలుగు సంతాలీ మాటలు కూడా వస్తే మీ వార్డులో మీకున్న విలువ ఇంకెవరికీ ఉండదు.

7. పై చదువు ఏదన్నది వార్డు చెప్తుంది.

పాసైన మర్నాడే "ఎమ్మెస్సీ చెయ్యనా?" అని అడిగేవాళ్లకు నేను "ఏ సబ్జెక్టులో?" అంటాను. జవాబు రాదు. రావడం సాధ్యం కూడా కాదు, ఇంకా ఏ వార్డులోనూ కుదురుగా నిలబడలేదు కదా. రెండేళ్లు చేస్తే తెలుస్తుంది. ఒకరికి బరువు తక్కువ పుట్టిన పసికందుల దగ్గర చెయ్యి నిలుస్తుంది. ఒకరికి ఆపరేషన్ థియేటర్, ఒకరికి మానసిక రోగుల వార్డు. వీటన్నిటికీ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలున్నాయి. క్రిటికల్ కేర్ మీద మనసుంటే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ పీజీ ఉంది. పాఠాలు చెప్పాలన్న కోరికుంటే ఎమ్మెస్సీ.

కాన్పుల పని ఇష్టమైనవాళ్లు తెలంగాణ వైపు చూడాలి. నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి, మామూలు కాన్పులను వాళ్ల చేతుల మీదుగా జరిపించే పద్ధతిని ఆ రాష్ట్రం 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టింది. హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రివాళ్లు దానికి శిక్షణలో అండగా నిలిచారు. 2018లో కేంద్రమే దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. అనవసరపు సిజేరియన్లు ఇంతగా పెరిగిపోయిన కాలంలో దీనికన్నా అవసరమైన నర్సింగు చదువు ఇంకొకటుందని నేననుకోను. మన ఊరి పిల్లలు పదిమంది ఆ చదువు చదివి ఇక్కడికి తిరిగొస్తే చూడాలని నాకు గట్టి కోరిక.

పల్లెలో పనిచెయ్యడం ఇష్టమైతే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు ఉద్యోగం ఉంది. 2018లో ఉపకేంద్రాలను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి నర్సులకు అప్పజెప్పడం మొదలైంది. బీపీ, షుగరు రోగులను వెతికి పట్టుకుని మందుల మీద నిలబెట్టే పని. పేరు రాదు, ప్రాణాలు నిలబడతాయి.

8. బయటి దేశం వెళ్లండి, అప్పుచేసి ఏజెంటు చేతిలో పొయ్యకండి.

అమెరికాకు ఎన్‌క్లెక్స్, ఇంగ్లండుకు ఇంగ్లిషు పరీక్షతోపాటు అక్కడి కౌన్సిల్ పెట్టే రెండంచెల పరీక్ష, జర్మనీకి బీ2 స్థాయి జర్మన్ భాష, గల్ఫ్‌కు ప్రోమెట్రిక్ పరీక్షా, సర్టిఫికెట్ల తనిఖీ. దారులన్నీ తెలిసినవే, అన్నీ మీరు సొంతంగా రాయదగ్గ పరీక్షలే.

2015లో కువైట్‌కు నర్సులను పంపే పేరుతో కొచ్చిలో ఒక ఏజెన్సీ మనిషికి 19,500 రూపాయలు తీసుకోవాల్సిందానికి 19.5 లక్షలు తీసుకుందని సీబీఐ కేసు పెట్టింది. ఆ ఏడాదే గల్ఫ్ దేశాల్లాంటి చోట్లకు నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నియమం పెట్టింది. మన తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్రకు ఓమ్‌క్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఆ పని చేస్తున్నాయి. మిగతా దేశాలకు పంపే లైసెన్సున్న ప్రైవేటు ఏజెంటు అయినా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప సర్వీసు ఛార్జీ అడగకూడదు. లక్షల్లో మాట్లాడేవాడు ఎంత బంధువైనా లేచి వచ్చెయ్యండి. అమ్మ గొలుసు తాకట్టు పెట్టి వెళ్లిన పిల్ల అక్కడ ఎంత అన్యాయం జరిగినా నోరెత్తలేదు. వడ్డీ గుర్తొచ్చి ఊరుకుంటుంది.

9. పార్కుకు వెళ్లే రోజు వస్తుంది, అప్పుడు ఇవి అడిగి చేరండి.

వార్డులో పదేళ్లు నిలబడి నడుము నొప్పి మొదలైనప్పుడు, పిల్లలు బడికెళ్లే వయసులో ఉన్నప్పుడు, పార్కు ఉద్యోగం నిజంగా వరమే. అది చిన్న పనీ కాదు. వినికిడి పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, క్రేన్ నడిపేవాళ్లకు చూపు పరీక్ష ఏటేటా చేసి పాత కాగితంతో పోల్చి చూసేది నర్సే. ఫౌండ్రీలో ఇసుక దుమ్ము పీల్చేవాడికి సిలికోసిస్ వచ్చేముందు, మోతలో పనిచేసేవాడికి చెవి పూర్తిగా పోకముందు, మూడేళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి చూసే మనిషి ఉంటే తేడా దొరుకుతుంది. ఆస్పత్రిలో జబ్బు ముదిరాక వస్తారు. ఇక్కడ ముదరకముందే పట్టుకోవచ్చు. నర్సింగులో ఇంత తృప్తినిచ్చే పని తక్కువ.

విద్యాసాగరుడు చివరి ఏళ్లలో కర్మాటాండ్‌లో సంతాల్ పేదల మధ్య ఉండి ఉచితంగా హోమియో మందులిచ్చేవాడు. ఈ జిల్లా బిడ్డ, బీర్‌సింఘాలో పుట్టినవాడు. ఆయన పేరు పెట్టుకున్న పార్కులో కార్మికుడి ఒంటిని చూసుకునే గది ఎలా ఉండాలో యాజమాన్యాలు ఆలోచించుకోవాలని నా మనవి.

ఇంటర్వ్యూలో మీరు అడగాల్సినవి: డాక్టరుగారు ఏయే వేళల్లో ఉంటారు, లేనప్పుడు ఫోనెత్తేది ఎవరు? ఆయనకు పారిశ్రామిక వైద్యంలో ఏఎఫ్ఐహెచ్ శిక్షణ ఉందా? ఆయన లేనప్పుడు ఏ మందులు మీరు ఇవ్వొచ్చో సంతకంతో రాసిపెట్టిన కాగితం ఉందా? ఈసీజీ, డీఫిబ్రిలేటర్ పనిచేస్తున్నాయా, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? రాత్రి అంబులెన్స్ డ్రైవరు గేటు దగ్గరే ఉంటాడా, ఇంటి నుంచి పిలవాలా? ప్రమాదం జరిగితే రిజిస్టర్లో ఎవరు రాస్తారు, రాసింది ఎవరైనా మార్చమంటే ఎవరికి చెప్పాలి?

కాంట్రాక్టు కూలీల సంగతి తప్పకుండా అడగండి. పార్కులో బరువు పనీ, ఎత్తు మీద పనీ, వేడి దగ్గర పనీ ఎక్కువగా చేసేది వాళ్లే. చుట్టుపక్కల పల్లెల వాళ్లు, మన నిమ్‌పురా కుర్రాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లకూ ఏటా పరీక్షలు చేస్తారా, వాళ్ల పేర్లూ అదే రిజిస్టర్లో ఎక్కుతాయా అని అడగండి. "వాళ్లది కాంట్రాక్టరు చూసుకుంటాడు" అని జవాబొస్తే, చేరేముందే మేనేజరుగారితో ఆ మాట తేల్చుకోండి. వార్డులో పదేళ్లు చేసి వచ్చిన నర్సు అడిగితే వింటారు.